ముఖం లేని క్రీస్తు: ఆధునిక కళాస్వాదనలో అభిరుచి భేదాలు

ఉపోద్ఘాతం

"జిహ్వకో రుచి, పుఱ్ఱెకో బుద్ధి" అనే సామెతను మనం ఎక్కువగా వాదన ముగించడానికి వాడతాం. ఒకరికి వంకాయ ఇష్టం, మరొకరికి గిట్టదు. అంతమాత్రానికి తగవెందుకు అన్నది దాని భావం. కూరల విషయంలో ఈ మాట చక్కగా సరిపోతుంది. చిత్రకళ విషయంలో, ముఖ్యంగా సంఘం ఆరాధనకు కూడుకొనే స్థలంలో ఉంచే చిత్రాల విషయంలో, అది సరిపోతుందా? ఈ వ్యాసం పరిశీలించే ప్రశ్న ఇదే.

ఆధునిక చిత్రకళ ఎదుట నిలిచినప్పుడు ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. పాత పద్ధతిలో గీసిన చిత్రంలో ముఖం ముఖంలా, చెట్టు చెట్టులా ఉంటుంది. నచ్చినా నచ్చకపోయినా అదేమిటో చూసేవారందరికీ తెలుస్తుంది. 20వ శతాబ్దపు కళాకారులలో అనేకులు ఈ పోలికను విడిచిపెట్టారు. ఆకారాన్ని వంచారు, విరిచారు, కొన్నిచోట్ల పూర్తిగా తీసివేశారు. అందువల్ల చూసేవారి మధ్య భేదం "నాకు నచ్చింది, నీకు నచ్చలేదు" అన్న దగ్గర ఆగకుండా "ఇది కళ, ఇది కాదు" అన్నంతవరకు వెళ్ళింది. ఆ కళ క్రీస్తును చూపబోయినప్పుడు "ఇది భక్తి, ఇది దూషణ" అన్నంతవరకూ వెళ్ళింది. అలా వెళ్ళిన ఒక సంఘటనను ఆధారంగా తీసుకొని, అభిరుచి భేదాలను సంఘకాపరి ఎలా అర్థం చేసుకోవాలో ఇక్కడ చర్చిద్దాం.

1. అస్సీ దేవాలయంలో జరిగినది

ఫ్రాన్సు దేశంలో మోం బ్లాం పర్వతానికి ఎదురుగా అస్సీ అనే పీఠభూమి ఉంది. క్షయరోగులకు కొండగాలి మేలు చేస్తుందనే నమ్మకంతో అక్కడ అనేక చికిత్సాలయాలు కట్టారు. మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం చికిత్సాలయం గురించి తెలిసిన మన పాఠకులకు ఆ వాతావరణాన్ని ఊహించుకోవడం కష్టం కాదు. నెలల తరబడి, కొన్నిసార్లు సంవత్సరాల తరబడి మంచం పట్టిన రోగులు, బ్రతుకుతామో లేదో తెలియని యౌవనస్థులు, వారిని చూసుకొనే వైద్యులు, నర్సులు అక్కడ ఉండేవారు. వారికోసం అక్కడ ఒక కాథలిక్ దేవాలయాన్ని నిర్మించారు. దాని రూపశిల్పి మోరీస్ నొవరినా. 1950 ఆగస్టులో దానిని ప్రతిష్ఠించారు.

ఆ దేవాలయాన్ని అలంకరించే పనిలో చికిత్సాలయ గురువు దెవెమీకి డొమినికన్ గురువు కుతూరియే తోడ్పడ్డాడు. విశ్వాసం ఉండి ప్రతిభ లేని కళాకారునికంటె, విశ్వాసం లేకపోయినా ప్రతిభ గల కళాకారుని పిలవడమే మేలని కుతూరియే అభిప్రాయం. ఆ అభిప్రాయం ప్రకారమే ఆయన ఆ కాలపు అగ్రశ్రేణి కళాకారులను పిలిచాడు. రువో కిటికీలకు రంగు గాజుల చిత్రాలు ఇచ్చాడు. ముఖద్వారంమీద లెజే మొజాయిక్ చిత్రం, బలిపీఠం వెనుక ల్యుర్సా రూపొందించిన ప్రకటన గ్రంథపు తెర ఉన్నాయి. మతీస్, బొనార్, బ్రాక్ తలా ఒక పని చేశారు. యూదులైన షగాల్, లిప్షిట్స్ కూడా తమ కృతులను ఇచ్చారు. లెజే, ల్యుర్సా కమ్యూనిస్టులు.

వీటన్నిటిలో ఎక్కువ వివాదానికి గురైనది జెర్మేన్ రిషియే అనే శిల్పకారిణి చేసిన చిన్న కంచు సిలువ. అందులో క్రీస్తు శరీరం ఎండి చీలిన చెట్టు బెరడులా ఉంటుంది. చేతులు కొమ్మల్లా చాచి ఉంటాయి. శరీరం ఎక్కడ ముగిసి సిలువ ఎక్కడ మొదలవుతుందో స్పష్టంగా తెలియదు. ముఖంలో కన్ను, ముక్కు, నోరు విడివిడిగా కనబడవు. శ్రమలో సిలువ ఆయన మాంసంతో కలిసిపోయిందని రిషియే తన ఉద్దేశాన్ని వివరించింది. శిల్పాన్ని సమర్థించినవారు యెషయా 53వ అధ్యాయాన్ని ఎత్తిచూపారు. బాధపడే సేవకునికి సురూపమైనా సొగసైనా లేదని, చూచేవారు ముఖం త్రిప్పుకొనేంతగా అతడు తృణీకరింపబడ్డాడని ప్రవక్త వర్ణించిన భాగమది.

1951 జనవరిలో అంజే పట్టణంలో దెవెమీ ఈ దేవాలయం గురించి ప్రసంగించినప్పుడు కొందరు సంప్రదాయవాదులు తీవ్రంగా నిరసన తెలిపారు. ఈ శిల్పం ప్రభువును అవమానపరచేదిగా ఉందని కరపత్రాలు వేశారు. ఆ సంవత్సరంలోనే అనెసీ బిషప్పు ఆజ్ఞమేరకు ఆ సిలువను బలిపీఠం మీదనుండి తొలగించారు. 1952లో పవిత్ర కళ గురించి రోమునుండి కూడా హెచ్చరికతో కూడిన సూచనలు వచ్చాయి. సుమారు రెండు దశాబ్దాల తరువాత ఆ సిలువ తిరిగి తన స్థానానికి చేరింది.

ఇందులో గమనించవలసిన విషయం ఒకటుంది. ఆ శిల్పం ఎదుట ప్రార్థించవలసినవారు అస్సీలోని రోగులు. వారిలో అనేకులు దానిని తమ శ్రమకు దగ్గరగా ఉన్నదిగా భావించి, దానిని తీసివేసినందుకు బాధపడ్డారు. అలజడి మొదలైనది అక్కడికి వందల కిలోమీటర్ల దూరాన ఉన్న మరొక పట్టణంలో. ఒకే వస్తువు, ఒకే విశ్వాసం, ఒకే దేశం. అయినా చూపులు రెండు. దీనిని "పుఱ్ఱెకో బుద్ధి" అని వదిలివేయగలమా?

2. ఒక మాటలో దాగిన మూడు ప్రశ్నలు

ఒక చిత్రాన్ని చూసి "బాగుంది" లేక "బాగాలేదు" అన్నప్పుడు మనం మూడు వేర్వేరు ప్రశ్నలను ఒక్క మాటలో కలిపేస్తాం.

మొదటిది: ఇది నాకు నచ్చిందా?
రెండవది: ఇది మంచి కృతియేనా?
మూడవది: ఇది ఈ స్థలంలో, ఈ ప్రజల మధ్య ఉండదగినదా?

మొదటి ప్రశ్నకు జవాబు నా అనుభవాన్ని మాత్రమే చెబుతుంది. దానిని ఎవరూ కాదనలేరు. రెండవదానికి జవాబు వస్తువు గురించి చెబుతుంది. దానికి కారణాలు చూపాలి. మూడవదానికి జవాబు వస్తువుకూ సమాజానికీ గల సంబంధం గురించి చెబుతుంది. దానికి ఆ ప్రజలను ఎరిగి ఉండాలి. అంజేలో నిరసించినవారు మొదటి ప్రశ్నకు తమ జవాబునే మూడవ ప్రశ్నకు జవాబుగా చేశారు. కుతూరియే వైపువారిలో కొందరు రెండవ ప్రశ్నకు జవాబు దొరికితే మూడవది దానంతటదే తీరిపోతుందని అనుకొన్నారు. ఈ రెండూ తొందరపాటు తీర్పులే.

ఇక్కడ మరొక భేదాన్ని కూడా గుర్తుంచుకోవాలి. తెలుగు సంఘాలలో కొన్ని ఆరాధనా స్థలంలో ఏ చిత్రాన్నీ అనుమతించవు. ఆ నియమం రెండవ ఆజ్ఞను వారు అర్థం చేసుకొన్న తీరునుండి వచ్చినది. అది సిద్ధాంతానికి చెందిన విషయం. దానిని సిద్ధాంతంగానే చర్చించాలి. అభిరుచిని సిద్ధాంతం పేరుతో గానీ, సిద్ధాంతాన్ని అభిరుచి పేరుతో గానీ చర్చించడం ఉభయులకూ అన్యాయం.

3. ఇష్టం ఎక్కడనుండి వస్తుంది?

ఇష్టం మనతోబాటు పుట్టినదని అనుకొంటాం. పరిశీలిస్తే అందులో ఎక్కువ భాగం అలవాటు. మన ఇళ్ళలో క్రొత్త సంవత్సరపు క్యాలెండరుమీద, వాగ్దాన కార్డులమీద, ఇప్పుడు సభల ఫ్లెక్సీలమీద కనబడే క్రీస్తు రూపం దాదాపు ఒక్కటే: పొడవైన గోధుమరంగు జుట్టు, తెల్లని మేనిఛాయ, శాంతమైన చూపు, వెనుక మెత్తని వెలుగు. ఈ విధమైన చిత్రాలలో ప్రపంచమంతటా అత్యధికంగా ముద్రణ పొందినది అమెరికా చిత్రకారుడు వార్నర్ సాల్మన్ 1940లో గీసిన క్రీస్తు శిరస్సు. దానికి పూర్వరూపంగా ఆయన 1924లో బొగ్గుతో ఒక చిత్రం గీశాడు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనికులకు దాని చిన్న ప్రతులు పంచిపెట్టారు. చాలామంది దీనిని "ఒక చిత్రకారుని ఊహ" అని అనుకోరు. "యేసు ఇలాగే ఉండేవాడు" అని అనుకొంటారు.

ఈ విషయంలో తెలుగు క్రైస్తవ్యంలో ఒక విచిత్రమైన అసమానత ఉంది. మన చెవి చాలాకాలం క్రితమే తెలుగైంది. 19వ శతాబ్దంలోనే పురుషోత్తమ చౌధరి (1803-1890) దేశీయ రాగతాళాలలో కీర్తనలు రచించారు. వాటిని మనం ఇప్పటికీ పాడుతున్నాం. అవి పరాయివని ఎవరికీ అనిపించదు. గుఱ్ఱం జాషువ తెలుగు పద్యంలో "క్రీస్తు చరిత్ర" వ్రాశారు. దానికి 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగు ఛందస్సులో ప్రభువు కథ చెబితే ఆయన మహిమ తగ్గిందని ఎవరూ అనలేదు. మన కన్ను మాత్రం ఐరోపాలోనే ఉండిపోయింది. 1924 క్రిస్మసునాడు ప్రతిష్ఠించబడిన మెదక్ కెథెడ్రల్‌లో ఆరోహణం, జననం, సిలువ దృశ్యాలు గల మూడు గొప్ప రంగు గాజు కిటికీలు ఉన్నాయి. వాటిని రూపొందించినవాడు ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడు. వాటి పనితనం గొప్పది. సూర్యకాంతి పడినప్పుడు వాటి శోభ చూసినవారెవరూ మరువరు. అయితే తరతరాలుగా ఆ ప్రాంత విశ్వాసులకు క్రీస్తు రూపాన్ని నేర్పిన ఆ కిటికీలు ఆంగ్ల అకడమిక్ చిత్రకళకు చెందినవి. అలవాటైనది అందమైనదిగా తోచడం సహజమే. అలవాటైనదే సత్యమైనదని భావించడంలో ప్రమాదముంది.

ఫ్రెంచి సమాజశాస్త్రజ్ఞుడు పియేర్ బూర్ద్యూ 1979లో ప్రచురించిన గ్రంథంలో అభిరుచికీ సామాజిక తరగతికీ గల సంబంధాన్ని విపులంగా చర్చించాడు. మనకేది నచ్చుతుందన్నది మన చదువు, పెంపకం, మనం ఎవరితో సమానంగా కనబడాలనుకొంటున్నాం అన్న వాటిమీద ఎక్కువగా ఆధారపడి ఉంటుందని ఆయన వాదన. ఈ వాదన రెండువైపులా కోస్తుంది. క్యాలెండరు చిత్రాన్ని చూసి నవ్వే చదువుకొన్నవాని నవ్వులో కళాజ్ఞానం ఎంత, తాను పామరుడను కానని చూపుకోవాలన్న తాపత్రయం ఎంత? అదేవిధంగా "నల్లని క్రీస్తు నాకు నచ్చడు" అనే మాటలో కళాభిరుచి ఎంత, మేనిఛాయను బట్టి మనుషులను తూచే మన సమాజపు పాత జబ్బు ఎంత?

ఈ రెండవ ప్రశ్న మన సంఘాలకు చాలా ముఖ్యమైనది. తెలుగు విశ్వాసులలో అధికసంఖ్యాకులు దళిత కుటుంబాలనుండి వచ్చినవారు. రంగును, పుట్టుకను బట్టి చిన్నచూపు అంటే ఏమిటో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. అలాంటి సంఘంలోనే ప్రభువును తమ రంగులో చూపిన చిత్రం "బాగాలేదు" అనిపించిందంటే, ఆ ఇష్టాన్ని ఎవరు నేర్పారో అడగవలసి ఉంటుంది. అడగడమంటే నిందించడం కాదు. ఇష్టాన్ని ఉన్నదున్నట్లు అంగీకరించి, దాని మూలాలను వెదకడం సంఘకాపరి బోధలో ఒక భాగం.

4. మంచి చెడ్డల తీర్పు సాధ్యమేనా?

ఇష్టాలన్నీ అలవాటు చేత, తరగతి చేత ఏర్పడినవైతే "ఇది మంచి కృతి" అనే మాటకు అర్థమే లేదా? కొందరు అలాగే అంటారు. కాని ఆ మాట అన్నవారు కూడా తమ మందిరానికి చిత్రం ఎంచుకోవలసివచ్చినప్పుడు ఏదో ఒకటి ఎంచుకొని, ఎందుకో చెబుతారు. ఆ "ఎందుకు" అన్న చోటనే విమర్శ మొదలవుతుంది.

డేవిడ్ హ్యూమ్ 1757లో అభిరుచి ప్రమాణం గురించి ఒక వ్యాసం ప్రచురించాడు. అభిరుచులు వేరైనా తీర్పులన్నీ సమానం కావని ఆయన వాదించాడు. సాధన, అనేక కృతులను పోల్చి చూసిన అనుభవం, దురభిమానం లేని మనస్సు ఉన్నవారి తీర్పుకు ఎక్కువ విలువ ఉంటుందన్నాడు. 1790లో ఇమ్మాన్యుయేల్ కాంట్ ఒక భేదం చూపాడు. ఒక పానీయం నాకు రుచిగా ఉందన్నప్పుడు అది నా మట్టుకే. ఒక వస్తువు అందంగా ఉందన్నప్పుడు ఇతరులు కూడా ఒప్పుకోవాలని ఆశిస్తాం, ఒప్పుకోకపోతే చర్చిస్తాం. మన దేశంలో అంతకు ఎంతో ముందే అభినవగుప్తుడు "సహృదయుడు" అనే భావాన్ని వివరించాడు. కావ్యాన్ని ఎడతెగక అభ్యసించడంవల్ల మనస్సు తుడిచిన అద్దంలా నిర్మలమై, కావ్యంలో లీనం కాగలిగినవాడే సహృదయుడు. ఈ ముగ్గురి కాలాలు, దేశాలు వేరు. అయినా ఒక విషయంలో వారు కలుస్తారు: ఆస్వాదించడం అభ్యాసంతో కూడుకొన్న పని, అది ముక్కు చీదినంత సులభంగా వచ్చేది కాదు.

ఈ దృష్టితో కొన్ని కృతులను పరిశీలిద్దాం.

సాల్మన్ చిత్రం. దీనిని కళావిమర్శకులు చాలాకాలం తేలికగా కొట్టివేశారు. పరిశోధకుడు డేవిడ్ మోర్గన్ సాధారణ విశ్వాసులనుండి దీని గురించి వందలాది ఉత్తరాలు సేకరించి, 1998లో వెలువడిన తన గ్రంథంలో వాటిని విశ్లేషించాడు. ఈ చిత్రం ప్రజలకు ఓదార్పునూ, ఇంటిలో ఒక స్నేహితుడు ఉన్నాడన్న ధైర్యాన్నీ ఇచ్చిందని ఆ ఉత్తరాలవల్ల తెలుస్తుంది. ఆ మేలును తక్కువ చేయరాదు. అయినా కృతిగా దీనిలో ఒక లోపముంది. ఇది చూసేవానిని ఏమీ అడగదు. ఇందులోని క్రీస్తు ఎవరినీ ఎదిరించడు, ఎవరిచేతా తృణీకరింపబడడు. సువార్తలలో దేవాలయపు బల్లలను పడద్రోసినవాడూ, గెత్సేమనేలో చెమటోడ్చినవాడూ ఈ ముఖంలో కనబడడు. ఓదార్పు నిజమే, కాని అది సగమే.

సౌజా చిత్రం. గోవాలోని సాలిగావ్‌లో 1924లో ఒక కాథలిక్ కుటుంబంలో జన్మించిన ఫ్రాన్సిస్ న్యూటన్ సౌజా 1947లో బొంబాయిలో ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూపును స్థాపించినవారిలో ఒకడు. 1949లో లండన్ వెళ్ళాడు. ఆయన 1959లో గీసిన "సిలువ" చిత్రం ఇప్పుడు లండన్‌లోని టేట్ సేకరణలో ఉంది. నల్లని మందమైన గీతలు ముళ్ళలా పొడుచుకొని వస్తాయి. నల్లని క్రీస్తు ముఖంలో శాంతం మచ్చుకైనా లేదు. చిన్ననాడు గుడిలో చూసిన దృశ్యాల భయం, మతపెద్దల మీది కోపం, మానవుని క్రూరత్వంమీద అసహ్యం ఇందులో కలిసిపోయాయి. దీనిని చూసి వెనుకకు తగ్గేవారిని తప్పుపట్టలేం. అలా తగ్గేటట్లు చేయాలనే ఆయన గీశాడు. కృతిగా దీని బలం కాదనలేనిది. సిలువ ఒక ఆభరణం కాదని, అది ఒక మనిషిని చంపిన సాధనమని ఇది గుర్తుచేస్తుంది. అయితే ఇందులో కోపం నిండుగా ఉంది. క్షమాపణ పలికినవాడు కనబడడు. సాల్మన్ చిత్రం సగమే చెప్పినట్లు ఇదీ మరొక సగమే చెబుతుంది.

జామినీ రాయ్ చిత్రాలు. బెంగాలుకు చెందిన జామినీ రాయ్ (1887-1972) క్రైస్తవుడు కాడు. ఐరోపా పద్ధతిలో శిక్షణ పొంది, దానిని విడిచి, గ్రామీణ పటచిత్రకారుల తీరును స్వీకరించాడు. పెద్ద బాదం కన్నులు, గట్టి వెలిగీత, మట్టి రంగులు గల ఆయన క్రీస్తు చిత్రాలలో నాటకీయత లేదు. ఆ నిశ్చలతలో గంభీరత ఉంది. తోలుబొమ్మలు, చేర్యాల నకాషీ పటాలు చూసిన తెలుగువానికి ఈ రూపం పూర్తిగా పరాయిది కాదు. ఆధునిక కళ అంటే వికృతమనే అపోహకు ఇది చక్కని జవాబు. దీని పరిమితి కూడా చెప్పాలి. అలంకార సౌష్ఠవం ఎక్కువై, శ్రమ కొంత దూరంగా నిలిచిపోతుంది.

రిషియే శిల్పం. పై మూడింటితో పోల్చినప్పుడే దీని విలువ స్పష్టమవుతుంది. ఇందులో శ్రమ ఉంది, కాని సౌజా చిత్రంలో ఉన్న కోపం లేదు. చాచిన చేతులు ఆహ్వానించేవిగా ఉన్నాయి. ముఖం లేకపోవడమే నిరసనకారులకు పెద్ద అభ్యంతరం. ఆ లేకపోవడమే శిల్పానికి బలమని నా అభిప్రాయం. గుర్తించదగిన ముఖం ఉంటే అది ఎవరో ఒకరి ముఖం అవుతుంది, ఒక జాతికీ ఒక దేశానికీ చెందుతుంది. ఇక్కడ రోగంతో కృశించి, అద్దంలో తన ముఖాన్ని తానే గుర్తుపట్టలేని మనిషి తన ముఖాన్ని అక్కడ ఉంచుకోగలడు. ఇది దూషణ కాదు. యెషయా చెప్పినదానిని కంచులో చెప్పడమే.

5. స్థలమూ ప్రజలూ

ఇక మూడవ ప్రశ్న. మంచి కృతి ప్రతిచోటా ఉండదగినది కాదు. ఒకచోట తగినది మరొకచోట తగకపోవచ్చు. దీనికి అస్సీకంటె నాలుగు శతాబ్దాలు ముందటి ఒక ఉదాహరణ ఉంది. ఆల్సాస్ ప్రాంతంలోని ఈజెన్‌హైమ్ మఠానికి సుమారు 1512-1516 మధ్య గ్రూనెవాల్డ్ ఒక బలిపీఠ చిత్రం గీశాడు. ఆ మఠంలోని గురువులు, బూజుపట్టిన రై ధాన్యం తినడంవల్ల కలిగే భయంకరమైన వ్యాధితో బాధపడేవారికి సేవచేసేవారు. ఆ వ్యాధిలో అవయవాలు మండుతూ కుళ్ళిపోయేవి. గ్రూనెవాల్డ్ గీసిన సిలువలో క్రీస్తు చర్మమంతా పుండ్లతో నిండి ఉంటుంది. వ్రేళ్ళు వంకరలుపోయి ఉంటాయి. ఆ చిత్రం ఎదుటికి తెచ్చిన రోగి తన శరీరాన్నే అక్కడ చూశాడు. ఈ చిత్రపు ప్రతిని కార్ల్ బార్త్ తన వ్రాతబల్ల దగ్గర ఉంచుకొన్న సంగతి దైవశాస్త్ర విద్యార్థులకు తెలిసినదే.

ఈజెన్‌హైమ్‌లోనూ అస్సీలోనూ ప్రజలు రోగులే. రెండుచోట్లా "సొగసులేని" క్రీస్తు వారికి దగ్గరయ్యాడు. ఆరోగ్యవంతునికి అసహ్యంగా తోచినది రోగికి ఆదరణ కావడం ఒక చిన్న విషయం కాదు. అభిరుచి కేవలం కంటికి సంబంధించినది కాదని, మనిషి ఏ స్థితిలో ఉండి చూస్తున్నాడన్నదానికి కూడా సంబంధించినదని ఇది చూపిస్తుంది. "నాకు నచ్చలేదు" అనేముందు "ఇది ఎవరికోసం చేయబడింది?" అని అడగడం న్యాయం.

అయితే అస్సీ ప్రయోగాన్ని పూర్తిగా సమర్థించలేం. ప్రసిద్ధులైన కళాకారులను ఒక్కొక్కరినీ విడివిడిగా పిలవడంవల్ల ఆ దేవాలయం కృతులన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోని ప్రదర్శనశాలలా ఉందన్న విమర్శ వచ్చింది. అందులో న్యాయముంది. ప్రతిభ ఉంటే చాలునన్న కుతూరియే సూత్రం కళాకారుని ఎంపికకు పనికివస్తుంది. నిర్గమకాండంలో బెసలేలుకు దేవుడు చేతిపనిలో నైపుణ్యాన్ని అనుగ్రహించినట్లు చదువుతాం. నైపుణ్యం దేవుని వరమేనన్నది నిస్సందేహం. కాని బెసలేలు చేసిన పని ఒక సమాజపు ఆరాధన క్రమంలో ఇమిడింది. ప్రతిభను పిలిచినవారు ఆ ఇమడడాన్ని కూడా ఆలోచించాలి.

6. బలవంతులూ బలహీనులూ

రోమీయులకు వ్రాసిన పత్రిక 14వ అధ్యాయం ఆహారం విషయంలో వచ్చిన భేదాలను గురించినది. తినేవాడు తిననివానిని తృణీకరించకూడదు, తిననివాడు తినేవానికి తీర్పు తీర్చకూడదు అన్నది దాని సారాంశం. ఈ రెండు పాపాలూ వేరన్నది గమనించదగినది. చదువుకొన్నవాని పాపం తృణీకారం: "వీళ్ళకేం తెలుసు, క్యాలెండరు బొమ్మలవాళ్ళు." సంప్రదాయాన్ని అంటిపెట్టుకొన్నవాని పాపం తీర్పు: "ఇలాంటివి మెచ్చుకొనేవానిలో భక్తి లేదు." అస్సీ వివాదంలో రెండూ కనబడ్డాయి. మన సంఘాలలో చిత్రం విషయంలోనే కాదు, వాద్యాల విషయంలో, పాటల బాణీల విషయంలో కూడా రెండూ కనబడతాయి.

ఈ అధ్యాయాన్ని చూపి "కాబట్టి అభిరుచి గురించి ఎవరూ మాట్లాడకూడదు" అనడం సరికాదు. పౌలుకు ఈ విషయంలో స్పష్టమైన అభిప్రాయముంది. దానిని ఆయన దాచుకోలేదు. ఏ ఆహారమూ తనంతట తాను నిషిద్ధం కాదని చెప్పాడు. అభిప్రాయాన్ని కలిగి ఉండి, చెప్పి, సహోదరుని నిమిత్తం తన స్వేచ్ఛను అదుపులో ఉంచుకోవడమే ఆయన మార్గం. కళ విషయంలో కూడా ప్రేమ అంటే తీర్పు లేకపోవడం కాదు, తీర్పును ఎదుటివానిమీద రాయిలా విసరకపోవడం.

ముగింపు

పై చర్చనుబట్టి సంఘకాపరులకు, వేదాంత విద్యార్థులకు కొన్ని సూచనలు చేయవచ్చు.

మొదటిది, చిత్రం గురించి తగవు వచ్చినప్పుడు మూడు ప్రశ్నలను విడదీయాలి. ఇష్టానికి తీర్పు చెప్పవద్దు. కృతి గురించి కారణాలు అడగాలి. స్థలం గురించి సంఘమంతటితో మాట్లాడాలి.

రెండవది, ఉన్నదానిని తీసివేయడంతో మొదలుపెట్టకూడదు. ఒక తల్లి ముప్పై ఏళ్ళుగా ప్రార్థన చేస్తున్న గోడమీది పటాన్ని "ఇది చౌకబారు కళ" అని తీసివేయించే కాపరి ఆమెకు కళను నేర్పడు, గాయాన్ని మాత్రమే మిగుల్చుతాడు. దాని ప్రక్కన మరొకటి ఉంచి చూపడం మేలు.

మూడవది, కన్నుకు అభ్యాసం కల్పించాలి. శ్రమకాలపు బుధవార కూడికలలో వారానికి ఒక చిత్రం చొప్పున, సాల్మన్ చిత్రంతో మొదలుపెట్టి జామినీ రాయ్, గ్రూనెవాల్డ్, రిషియే, సౌజా కృతులను వరుసగా చూపవచ్చు. చూపిన వెంటనే వివరించకుండా కొన్ని నిమిషాలు మౌనంగా చూడనివ్వాలి. తరువాత "నచ్చిందా?" అని అడగకుండా "ఇందులో మీకు ఏమి కనబడుతున్నది? సువార్తలో ఏ భాగం గుర్తుకువస్తున్నది? ఏ భాగం ఇందులో లేదు?" అని అడగాలి. సౌజా చిత్రాన్ని పరిశుద్ధ శుక్రవారపు ధ్యానానికి దగ్గరగా ఉంచడం మంచిది; నిత్యం కంటి ఎదుట ఉండే గోడకు అది తగదని నా భావన. ఆసుపత్రి ప్రార్థనాలయంలో మాత్రం రిషియే శిల్పంవంటి కృతికి స్థానం ఇవ్వడం గురించి మన సంస్థలు ఆలోచించవచ్చు.

నాలుగవది, స్థానిక కళాకారులను పిలవాలి. మన కీర్తనలకు దేశీయ రాగాలు దొరికినట్లే మన కంటికి దేశీయ రూపం దొరకాలంటే చేర్యాల పటం, కలంకారి, తోలుబొమ్మ తెలిసిన చేతులకు మన సంఘాలు పని ఇవ్వాలి. వచ్చినది మొదట కొందరికి నచ్చకపోవచ్చు. అప్పుడు అది ఎవరికోసం చేయబడిందో, వారికి అది ఏమి చెప్పిందో కనుక్కొన్న తరువాతనే ఉంచాలా, తీయాలా అన్నది నిర్ణయించాలి. అస్సీలో ఆ సిలువను తీసివేయకముందు దాని ఎదుట ప్రార్థించిన రోగులను అడిగి ఉంటే, అది తిరిగి రావడానికి ఇరవై ఏళ్ళు పట్టి ఉండేది కాదు.